కొత్త సింగిల్ ఎడ్జ్ రేజర్‌ను పరీక్షించడం, అలవాటు చేసుకోవడం ఎలా?

కొత్త సింగిల్ ఎడ్జ్ సేఫ్టీ రేజర్ (ఒకవైపే పదునున్న బ్లేడు పెట్టుకునేది) చేతికి రాగానే, దానితోపాటు కొత్త సబ్బు, కొత్త బ్రష్, కొత్త లోషన్ అన్నీ ఒకేసారి వాడి చూడాలనిపించడం సహజం. అలా చేస్తే గడ్డం నున్నగా వచ్చినా, చర్మం మండినా దానికి కారణమేదో తేలదు. అందుకే ఈ వ్యాసం మొత్తానికి ఆధారమైన నియమాన్ని ముందే చెబుతున్నాను. రేజర్ కొత్తదైనప్పుడు మిగిలినవన్నీ పాతవే ఉండాలి. ఇంతకాలం వాడిన సబ్బో క్రీమో అదే వాడండి. అదే బ్రష్, అదే అద్దం, రోజూ గీసుకునే అదే వేళ ఉండనివ్వండి. కనీసం నాలుగుసార్లు గీసుకునేదాకా ఆ రేజర్ మంచిదనీ చెడ్డదనీ తేల్చకండి. మొదటిసారి మనం పరీక్షించేది నిజానికి రేజర్‌ను కాదు, పాత రేజర్ మన చేతికి నేర్పిన అలవాట్లను. ఆ అలవాట్లు సర్దుకోవడానికి మూడు నాలుగుసార్లు పడుతుంది.

ఈ రేజర్ ఎందుకు వేరుగా ఉంటుంది?

రెండువైపులా పదునున్న డబుల్ ఎడ్జ్ బ్లేడు మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. రేజర్ పైమూత బిగించినప్పుడు అది విల్లులా వంగి కూర్చుంటుంది. ఆ వంపే దానికి కొంత బిగువు ఇస్తుంది. సింగిల్ ఎడ్జ్ బ్లేడ్లు సాధారణంగా 0.23 నుంచి 0.25 మిల్లీమీటర్ల మందం ఉంటాయి కనుక వాటిని వంచాల్సిన పని లేదు, అవి వంగవు కూడా. బిరుసైన వెంట్రుక తగిలినప్పుడు పలుచని బ్లేడు అంచు కంటికి కనిపించనంత సన్నగా అదురుతుంది. మందపు బ్లేడు అలా అదరక, వెంట్రుకను ఒక్క దెబ్బలో తెంచుకుంటూ పోతుంది. దట్టమైన గడ్డం ఉన్నవారు ఒకసారి ఈ రేజర్‌కు అలవాటుపడితే మళ్లీ పాతదాని జోలికి వెళ్లకపోవడానికి ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం. అయితే ఈ గట్టితనానికి మరో ముఖం ఉంది. చేతి ఒత్తిడి కాస్త ఎక్కువైతే వంగని బ్లేడు ఆ బలాన్ని తనలో ఇముడ్చుకోదు, ఉన్నది ఉన్నట్టుగా చర్మం మీదకు పంపిస్తుంది. పాత రేజర్‌తో ఏళ్ల తరబడి బయటపడని చిన్న తప్పు ఇక్కడ మొదటి రోజే ఎర్రటి చారగా కనిపిస్తుంది.

సింగిల్ ఎడ్జ్ అనగానే ఇదేదో ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ అనుకోనక్కరలేదు. న్యూయార్క్‌లో స్థిరపడిన కాంఫే సోదరులు 1880లో పొందిన పేటెంట్‌లోని రేజర్ ఒకవైపే పదునున్నది. ‘సేఫ్టీ రేజర్’ అన్న మాట కూడా ఆ పేటెంట్‌తోనే వాడుకలోకి వచ్చింది. కింగ్ జిల్లెట్ డబుల్ ఎడ్జ్ రేజర్‌కు పేటెంట్ దొరికింది 1904లో. అంటే వరసలో సింగిల్ ఎడ్జ్ రేజరే పెద్దది.

ముందుగా బ్లేడు సంగతి

సింగిల్ ఎడ్జ్ రేజర్లన్నీ ఒకే బ్లేడు తీసుకోవు. కొనేముందే, లేదా డబ్బా విప్పగానే, మీది ఏ తరహాదో చూసుకోండి. జెమ్ తరహా బ్లేడుకు వెనకవైపు మడిచిన రేకు వెన్నులా ఉంటుంది. ఇంజెక్టర్ తరహా బ్లేడు పొడవుగా, సన్నటి పట్టీలా ఉండి, లోహపు పెట్టెలోంచి నేరుగా రేజర్ తలలోకి జారుతుంది. అమెరికా సైన్యంలో పనిచేసిన జేకబ్ షిక్ 1920ల్లో దీన్ని తీసుకొచ్చాడు; తూటా వెంట తూటా అందించే తుపాకీ పద్ధతి అతనికి ఈ ఊహ ఇచ్చిందని చెబుతారు. ఆర్టిస్ట్ క్లబ్ తరహా బ్లేడ్లను జపాన్‌కు చెందిన ఫెదర్, కాయ్ సంస్థలు వృత్తిగా క్షవరం చేసేవారి కోసం తయారుచేశాయి. ఇప్పుడు ఇళ్లలో వాడే రేజర్లు కూడా వాటికి సరిపడేలా వస్తున్నాయి. ఇవి కాక, డబుల్ ఎడ్జ్ బ్లేడును నిలువునా సగానికి విరిచి పెట్టుకునే రేజర్లు కొన్ని ఉన్నాయి. వాటికి ఒకవైపే పదును ఉన్నా బ్లేడు పలుచనిదే కాబట్టి, నేను పైన చెప్పిన గట్టితనం వాటిలో అంతగా తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. అద్దాల మీద రంగు గీకడానికీ, అట్టలు కోయడానికీ వాడే బ్లేడ్లు కూడా జెమ్ బ్లేడ్ల లాగే వెన్నుతో ఉంటాయి, జెమ్ రేజర్‌లో చక్కగా ఇమిడిపోతాయి కూడా. కానీ వాటి వాదర ముతకది. చర్మం మీద జారడానికి కావలసిన పూత దానికి ఉండదు. ముఖానికి తగిన బ్లేడు పెట్టె మీద అది గడ్డానికి ఉద్దేశించినదని స్పష్టంగా రాసి ఉంటుంది, సాధారణంగా టెఫ్లాన్ తరహా పూత ప్రస్తావన కూడా ఉంటుంది. ఆ మాట లేని బ్లేడును ముఖం దగ్గరకు రానివ్వకండి. ఆర్టిస్ట్ క్లబ్ తరహా వారికి మరో మాట: ఫెదర్ బ్లేడ్లలో ‘ప్రొఫెషనల్ సూపర్’ అనే రకం మామూలు దానికంటే ఎక్కువ బయటకు పొడుచుకు వస్తుంది, ‘లైట్’ అనేది తక్కువగా వస్తుంది. మొదటి నెల సూపర్ జోలికి పోకండి.

బ్లేడు ఎక్కించడం తొందరపడి చేసే పని కాదు. రేజర్ తలను పూర్తిగా ఆరబెట్టండి, వేళ్లు తుడుచుకోండి, కింద టవల్ పరచండి. జెమ్ బ్లేడును వెన్నువైపు నుంచి, ఆర్టిస్ట్ క్లబ్ బ్లేడును దాని డబ్బాలోంచి నేరుగా, ఇంజెక్టర్‌ను తాళంచెవి లాంటి దాని ముక్కుతో ఎక్కించాలి. ఏ తరహాలోనూ వాదరను వేలితో తాకాల్సిన అవసరం ఉండదు. తల మూశాక రేజర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, బ్లేడుకూ కింది అడ్డుపట్టీకీ మధ్య కనిపించే సన్నని వెలుగుగీతను చూడండి. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఆ గీత ఒకే వెడల్పులో ఉండాలి. ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క ఇరుకుగా ఉంటే బ్లేడు సరిగా కూర్చోలేదని అర్థం. విప్పి మళ్లీ పెట్టండి. పాత జెమ్ రేజర్లలో బ్లేడును ఆపే చిన్న కొక్కేల మీద ఎండిన సబ్బు పేరుకుని బ్లేడును వెంట్రుకవాసి పక్కకు నెడుతుంది. పాత టూత్ బ్రష్‌తో అక్కడ రుద్ది కడిగితే చాలు. ఎవరో వాడిన రేజర్ కొన్నట్లయితే సబ్బునీళ్లతో బాగా తోమి, ఆరాక ఆల్కహాల్‌తో తుడిచి గాని వాడకండి.

గడ్డం వాలు చూసుకోవడం

గీసుకునే ముందు రోజు రాత్రి, రోజంతా పెరిగిన గరుకు మీద పొడి వేళ్లతో మెల్లగా రాయండి. నున్నగా జారే దిక్కు వెంట్రుకల వాలు, గరగరలాడే దిక్కు దానికి ఎదురు. చెంపల మీద వాలు చాలామందికి పైనుంచి కిందికే ఉంటుంది. మెడ దగ్గరే అసలు కథ ఉంటుంది. అక్కడ వెంట్రుకలు కింద నుంచి పైకీ, దవడ మూల వైపుకీ, ఒక్కోసారి సుడిలా తిరిగీ మొలుస్తాయి; ఎడమవైపు ఉన్నట్టు కుడివైపు ఉండాలన్న నియమమూ లేదు. ఒక కాగితం మీద ముఖం గీసుకుని బాణాలతో ఈ వాలు గుర్తుపెట్టుకోండి. ఈ పని చాదస్తంగా కనిపించవచ్చు గాని, మెడ మీద ఏళ్లుగా మంటతో బాధపడుతున్నవారిలో ఎందరో అక్కడ వాలు పైకి ఉందని తెలియక, ప్రతిరోజూ మొదటి గీతనే ఎదురు గీసుకుంటున్నవారు. గట్టి బ్లేడుతో ఆ పొరపాటు మరింత బాధిస్తుంది.

నానబెట్టడం, నురగ

వెంట్రుక నీళ్లు పీల్చి మెత్తబడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. స్నానం చేసిన వెంటనే గీసుకోవడం అన్నిటికంటే సులువు. వీలుకాకపోతే ముఖం సబ్బుతో కడిగి, గోరువెచ్చని నీళ్లలో పిండిన టవల్‌ను గడ్డం మీద రెండు నిమిషాలు ఉంచండి. మరీ వేడి నీళ్లు చర్మాన్ని ఎర్రబరుస్తాయి, దానివల్ల ఆ తర్వాత వచ్చే మంట రేజర్‌దో నీళ్లదో తెలియకుండా పోతుంది.

నురగ గురించి అందరూ చెప్పేది గుబురుగా, తెల్లగా, పొంగుగా రావాలని. నా అనుభవంలో సింగిల్ ఎడ్జ్ రేజర్‌కు పొంగు కంటే జారుడు ముఖ్యం. బ్రష్‌తో సబ్బు తీసుకున్నాక నీళ్లు చుక్కలు చుక్కలుగా కలుపుతూ ముఖం మీదే తిప్పండి. మొదట నురగ పేస్టులా మందంగా, కాంతి లేకుండా ఉంటుంది. ఇంకొన్ని చుక్కలు పడ్డాక పెరుగు మీగడలా మెరుపు వస్తుంది. అప్పుడు కొంచెం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూడండి. వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకోకుండా జారిపోతూ ఉంటే నీళ్లు సరిపోయాయి. గాలిబుడగలు పెద్దవిగా కనిపిస్తే నీళ్లు ఎక్కువయ్యాయి, బ్రష్‌తో మరికాస్త సబ్బు తెచ్చి కలపండి. పొడిబారిన నురగ మీద మందపు బ్లేడు ఆగి ఆగి కదులుతుంది. ఆగిన ప్రతిసారీ చేయి తెలియకుండానే బలం పెడుతుంది. గాట్లు చాలావరకు పుట్టేది అక్కడే.

కోణం పట్టుకోవడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవమంటాను.

నేను ఏళ్ల తరబడి డబుల్ ఎడ్జ్ రేజర్ వాడిన తర్వాత జెమ్ తరహా పాత రేజర్ ఒకటి మొదటిసారి పట్టుకున్నాను. చేతికి అలవాటైన ప్రకారం పిడిని ముఖం వైపు బాగా దించి గీశాను. వెంట్రుకలు తెగాయి, కానీ దవడ పొడుగునా చర్మం పైపొర గీరుకుపోయి, రెండు రోజుల పాటు అక్కడ నీళ్లు తగిలితే చురుక్కుమంది. తప్పు రేజర్‌ది కాదు. ఆ రేజర్ తలే వాలుగా తయారైంది. బ్లేడు ఏ కోణంలో చర్మాన్ని తాకాలో దాని తల నిర్మాణంలోనే ఉంది. నేను దానిమీద నా పాత కోణాన్ని కూడా కలిపాను. అలా బ్లేడు కోయడం మాని, గీకడం మొదలుపెట్టింది.

కాబట్టి కోణాన్ని గుర్తుపెట్టుకున్న డిగ్రీల లెక్కతో కాకుండా, చెవితోనూ చర్మంతోనూ వెతకండి. కుళాయి కట్టేయండి, ఫ్యాన్ ఆపండి, గది నిశ్శబ్దంగా ఉండాలి. నురగ రాసిన చెంప మీద, కణత కింద చదునుగా ఉన్నచోట, రేజర్ తల పైభాగాన్ని చర్మానికి ఆనించండి. ఈ దశలో పిడి ముఖం నుంచి దూరంగా, దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది. పిడిని చివర దగ్గర మూడు వేళ్లతోనే పట్టుకుని, సెంటీమీటరు దూరం కిందికి జార్చండి. ఏమీ తెగదు, శబ్దం రాదు. అదే చోట మళ్లీ ఆనించి, పిడిని వెంట్రుకవాసి కిందికి దించి మళ్లీ జార్చండి. ఇలా రెండు మూడుసార్లు చేశాక ఒక చోట సన్నగా, స్పష్టంగా చిటచిటమనే శబ్దం మొదలవుతుంది. మందపు బ్లేడు కావడంతో ఈ శబ్దం డబుల్ ఎడ్జ్ రేజర్ శబ్దం కంటే గట్టిగా వినిపిస్తుంది. ఆ శబ్దం మొదలైన చోటే ఆగండి. అక్కడ రేజర్ పైమూత, కింది అడ్డుపట్టీ రెండూ ఒకేసారి చర్మాన్ని తేలికగా తాకుతూ ఉంటాయి. పిడిని ఇంకా దించితే శబ్దం బొంగురుపోయి, గోడ మీద సున్నం గీకినట్టు మారుతుంది. అది విన్న క్షణం వెనక్కి రండి.

జెమ్ తరహా రేజర్లలో తల పైభాగం చెంపకు చదునుగా ఆనిన స్థితికీ, తెగే స్థితికీ మధ్య తేడా చాలా తక్కువ. దాదాపు ఆనించిన చోటే తెగుతుంది. ఆర్టిస్ట్ క్లబ్ తరహాలో పైమూత మీద బరువు మోపి పిడిని ముఖానికి దూరంగానే ఉంచడం చాలామందికి సుఖంగా ఉంటుంది. మీ రేజర్‌కు ఏది సరిపోతుందో ఎవరూ రాసి ఇవ్వలేరు గాని, పై పరీక్ష చెంప మీద పది గీతల్లో చెప్పేస్తుంది.

ఒత్తిడి మాటకొస్తే, లోహపు రేజర్ బరువు చాలు. మీ చేయి చేయాల్సిందల్లా దాన్ని పడిపోకుండా పట్టుకోవడం, దారి చూపడం. చూపుడువేలు పిడి మీద నిలువుగా పెట్టే అలవాటు ఉంటే మానుకోండి, ఒత్తిడి అక్కడి నుంచే వస్తుంది. ఒత్తిడి లేకుండా గీయడం ఎలా ఉంటుందో తెలియకపోతే, ఎప్పుడూ వాడని రెండో చేత్తో చెంప మీద ఒక్క గీత నిదానంగా గీసి చూడండి. అలవాటు లేని చేయి జంకుతుంది, ఎంత తేలికగా పట్టుకుంటుందో గమనించి, అదే తేలికను మీ చేయి తెచ్చుకోవాలి.

చెంప నుంచి మెడ దాకా

మొదటిసారి ఒకే దఫా గీయండి, అదీ వాలు వెంటే. నున్నగా రాదు, రాకపోయినా పరవాలేదు. ఒకటి రెండు రోజులు పెరిగిన గడ్డం, తొందర లేని ఉదయం చూసుకోండి. గీత పొడవు రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. మణికట్టు తిప్పకుండా, మోచేతి నుంచి కదపండి, లేకపోతే మీరు వెతికి పట్టుకున్న కోణం గీత మధ్యలోనే మారిపోతుంది. డబుల్ ఎడ్జ్ రేజర్ ఒకవైపు నిండితే తిప్పి రెండోవైపు వాడుకునే వీలుంది, దీనికి లేదు. రెండు మూడు గీతలకోసారి నీళ్లలో జాడించకపోతే వెంట్రుకలూ నురగా కలిసి బ్లేడు సందును పూడ్చేస్తాయి. ఒక మగ్గులో నీళ్లు పెట్టుకుని అందులో ఆడించడం కుళాయి కింద కడగడం కంటే సులువు, నీళ్లూ ఆదా అవుతాయి.

చెంపలు ముందు గీయండి, ఎందుకంటే అవి చదునుగా ఉండి చేతికి ధైర్యం ఇస్తాయి. ఈలోగా చుబుకం మీది బిరుసు వెంట్రుకలు నురగలో ఇంకాస్త నానుతాయి. దవడ ఎముక దగ్గర చర్మాన్ని చెవివైపు పైకి లాగితే, ఎముక మీద ఉండాల్సిన చర్మం చదునైన చెంప మీదకు వస్తుంది. ఎముక అంచు మీద బ్లేడు నడపకుండా తప్పించుకునే మార్గం అదొక్కటే. లాగే వేళ్లు జారుతుంటే పొడి టవల్‌తో తుడుచుకోండి, లేదా తడి పటికను ఒకసారి వేళ్లకు రాసుకోండి, పట్టు దొరుకుతుంది.

మెడకు వచ్చేసరికి తలను కొద్దిగానే వెనక్కి వంచండి. మరీ వెనక్కి వంచితే కంఠమణి పొడుచుకొచ్చి, చర్మం బిగిసిపోయి, ప్రతి రోమం మొదట్లో చిన్న బుడిపె లేస్తుంది, ఆ బుడిపెలనే బ్లేడు ముందు కోస్తుంది. కంఠమణి మీద గీయాల్సి వస్తే గుటక మింగి ఒక్క క్షణం ఆపండి, లేదా అక్కడి చర్మాన్ని పక్కకు లాగి చదునైన చోట గీయండి. ముక్కు కింద సింగిల్ ఎడ్జ్ రేజర్ తల ఎత్తుగా ఉండి ఇబ్బంది పెడుతుంది. మీసం ఉంచుకునేవారికి ఈ బాధ లేదు. తీసేవారు పై పెదవిని పళ్ల మీదకు లోపలికి లాక్కుని, ముక్కుకొనను వేలితో పైకెత్తి, సెంటీమీటరుకు మించని గీతలతో మధ్య నుంచి పక్కలకు గీసుకోవాలి. చెవి ముందు, మీసం కొసల దగ్గర బ్లేడు మూలల మీద కన్నుంచండి; కొన్ని రేజర్లలో ఆ మూలలు తల బయటకు కనిపిస్తూ ఉంటాయి. ఎక్కడైనా సరే, రేజర్‌ను గీత దిక్కుకు అడ్డంగా జరపకండి. గీయడం కాకుండా కోయడం అవుతుంది, ఆ గాటు లోతుగా దిగుతుంది. మిగిలిపోయిన ఒకటి రెండు వెంట్రుకల కోసం నురగ లేని చర్మం మీద మళ్లీ మళ్లీ గీయాలనిపిస్తుంది. ఈ మొదటి రోజు వాటిని వదిలేయండి.

పటిక చెప్పే మాట

చల్లని నీళ్లతో ముఖం కడుక్కుని, పటికను తడిపి గీసుకున్న చోటల్లా మెల్లగా రాయండి. కొత్త రేజర్‌ను పరీక్షించేవారికి దీన్ని మించిన సాక్షి లేదు. చర్మం ఎక్కడ గీరుకుపోయిందో అక్కడ చురుక్కుమంటుంది, మిగిలినచోట చల్లగా బిగుతుగా మాత్రమే అనిపిస్తుంది. ఒక నిమిషం ఉంచి కడిగేయండి. చురుకు ఎక్కడెక్కడ వచ్చిందో, నిన్న బాణాలు గీసిన అదే కాగితం మీద చుక్కలు పెట్టండి. ముఖమంతా ఒకే తీరుగా మండితే కోణం తప్పిందనో, నురగ పొడిబారిందనో అనుకోవాలి. దవడ, చుబుకం వంటి ఎముక ఉన్నచోట్ల మాత్రమే మండితే ఒత్తిడి ఎక్కువైంది. మెడ మీద ఒక పక్కే మండితే అక్కడ వాలు మీరు అనుకున్నట్టు లేదు. గాటు పడి రక్తం వస్తే చల్లని నీళ్లతో కడిగి, పటికను కాసేపు అక్కడే అదిమిపట్టండి. ఆ తర్వాత ఎప్పుడూ వాడే లోషన్ రాసుకోండి, ఈ వారం కొత్తది వద్దు.

రెండోసారి నుంచి నాలుగోసారి దాకా

చర్మం పూర్తిగా చల్లబడిన తర్వాతే రెండోసారి గీసుకోండి. అవసరమైతే మధ్యలో ఒక రోజు విడిచిపెట్టండి. బ్లేడు అదే ఉంచండి. కొత్త బ్లేడు మొదటిసారి కంటే రెండోసారి మెత్తగా నడుస్తుందని చాలామంది చెబుతారు, నాకూ అలాగే అనిపిస్తుంది. ఆ తేడా తెలుసుకోవాలన్నా బ్లేడు మార్చకుండా ఉండాలి. రెండోసారి వాలు వెంట ఒక దఫా అయ్యాక, మళ్లీ నురగ రాసి, చెంపల మీద మాత్రమే వాలుకు అడ్డంగా ఒక దఫా గీయండి. మూడోసారి ఆ అడ్డగీతను మెడకు కూడా తీసుకెళ్లండి. అన్నీ నెమ్మదిగా ఉండి పటిక ఏమీ అనకపోతే, నాలుగోసారి చెంపల మీద వాలుకు ఎదురుగా గీసి చూడవచ్చు. మెడ మీద ఎదురుగీత అందరికీ తగదు. వంకీలు తిరిగిన వెంట్రుకలున్నవారికి, వెంట్రుక చర్మం లోపలికే మొలిచి పొక్కులు కట్టేవారికి ఆ చివరి నున్నదనం కోసం పెట్టే ఖరీదు ఎక్కువ. వారు అడ్డగీత దగ్గరే ఆగడం మంచిదని నా సలహా. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు, ముఖం మీద మొటిమలు ముదిరినవారు డాక్టరును అడిగి గాని ఈ ప్రయోగం మొదలుపెట్టవద్దు.

పాత రేజర్‌తో పోల్చి చూడాలంటే జ్ఞాపకం మీద ఆధారపడకండి. ఒకే ఉదయం, ఎడమ చెంప పాతదానితో, కుడి చెంప కొత్తదానితో గీసుకోండి. మరుసటిసారి చెంపలు మార్చండి, ఎందుకంటే కుడిచేతివాటం వారికి ఒక చెంప ఎప్పుడూ సులువుగా తెగుతుంది, ఆ సులువును రేజర్ ఖాతాలో వేయకూడదు. సాయంత్రం గడ్డం మళ్లీ గరుకెక్కినప్పుడు రెండు చెంపలూ తడిమి చూడండి. గీసుకున్న అరగంటకు నున్నగా అనిపించడం కంటే, సాయంత్రానికి ఎలా ఉందన్నదే నమ్మదగిన కొలత.

నాలుగుసార్లూ అయ్యాక అదే చోట, కోణం మార్చినా, నురగ తడి పెంచినా, అదే ఎరుపు వస్తుంటే అప్పుడు బ్లేడు రకం మార్చండి. రేజర్‌ను కాదు. బ్లేడు మార్చి మరో రెండుసార్లు చూసినా మార్పు లేకపోతే, ఆ రేజర్ తలలో బ్లేడు బయటకు వచ్చిన తీరు మీ చర్మానికి పడదని ఒప్పుకుని, దానికంటే మృదువుగా గీసే మరో రేజర్ చూసుకోవచ్చు. అది ఓటమేమీ కాదు. ఒకరి చెంపకు చక్కగా నడిచిన రేజర్ మరొకరి మెడను కోసేయడం ఎన్నోసార్లు చూశాను.

బ్లేడు ఎప్పుడు మార్చాలి, రేజర్‌ను ఎలా చూసుకోవాలి

బ్లేడు ఇన్ని రోజులు వస్తుందని లెక్క చెప్పడం కష్టం. గడ్డం దట్టాన్ని బట్టి జెమ్ బ్లేడు ఐదారుసార్లు, ఆర్టిస్ట్ క్లబ్ బ్లేడు పదికి పైగా రావచ్చు. వెంట్రుక తెగేముందు పట్టి లాగినట్టు అనిపించిన రోజే దాని చివరి రోజు. మెత్తటి వెంట్రుక ఉక్కును అరగదీయడమేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. బ్లేడు ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా 2020లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద చూసి ‘సైన్స్’ పత్రికలో ప్రచురించినదాని ప్రకారం, వెంట్రుక వంగి వాదరను ఏటవాలుగా తాకినప్పుడు, ఉక్కు నిర్మాణం ఒకే తీరుగా లేని చోట సన్నని పెచ్చులు లేచిపోతాయి. అంటే పాత బ్లేడు వాదర మొద్దుబారడమే కాదు, ముక్కలు ఊడిన రంపంలా కూడా తయారవుతుంది. ఇంకొక్కరోజు లాగిద్దామనుకోవడం ఆ రంపాన్ని ముఖం మీద నడపడమే.

గీసుకున్నాక రేజర్‌ను నీళ్లలో బాగా జాడించి, దులిపి, గాలికి ఆరనివ్వండి. వాదరను టవల్‌తో తుడవకండి, పూతా పోతుంది, వేలూ తెగుతుంది. కార్బన్ స్టీల్ బ్లేడయితే ఒక్క రాత్రి తడిలో ఉన్నా తుప్పు పట్టవచ్చు. దాన్ని తలలోంచి తీసి ఆరబెట్టడం మేలు. చవకైన రేజర్ల తలలు జింకు మిశ్రమంతో చేసి పైన పూత పూసినవి. ఆ పూత ఒక్కచోట లేచిందంటే లోపలి లోహం తినుకుపోతుంది కనుక, సింకు అంచుకు తట్టి నీళ్లు దులిపే అలవాటు ఉంటే మానేయండి.

మీ రేజర్‌నూ బ్లేడునూ ఇంట్లో మరెవ్వరికీ ఇవ్వకండి, మరొకరిది తీసుకోకండి. హెపటైటిస్ బి, సి వంటివి కంటికి కనిపించనంత రక్తంతో కూడా సోకగలవు. వాడేసిన బ్లేడు మందంగా, వెన్నుతో ఉండడం వల్ల చెత్తసంచిని సులువుగా చీల్చుకుని బయటకు వస్తుంది, చెత్త ఎత్తేవారి చేతిని కోస్తుంది. మూత గట్టిగా పట్టే రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతలో బ్లేడు దూరేంత చీలిక చేసి, బాత్‌రూమ్‌లోనే పిల్లలకు అందని ఎత్తులో పెట్టుకోండి. అది నిండేసరికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలిక మీద గట్టి టేపు రెండు వరసలు అతికించి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి, మిగతా చెత్తలో కలపకుండా ఎత్తేవారి చేతికి విడిగా ఇవ్వండి.